ఉప్పునీటి తొట్టిలోనికి క్రొత్త రొయ్యను దింపుట

మా పాఠశాల ప్రకృతిశాస్త్రపు గదిలో తూర్పుగోడ నానుకొని యొక గాజుతొట్టి కలదు. అందు 200 లీటర్ల ఉప్పునీరును, రంధ్రములుగల కొన్ని కృత్రిమపు రాళ్లును, రెండు చిన్న చేపలును, మూడు రొయ్యలును ఉన్నవి. పగడపు రాళ్లేల పెట్టలేదని కొంద ఱడుగుదురు. వానిని సముద్రమునుండి తీయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము, కావున పెట్టలేదు. పిల్లలను చూడవచ్చిన తల్లిదండ్రులు మాత్ర మా తొట్టిముందు నిలిచి మొదట నడుగు ప్రశ్న వేఱు: "ఈ యంబరుపేటలో సముద్రపు రొయ్య యెట్లు బ్రదుకుచున్నది?" కొందఱు తండ్రులు నవ్వుచు, ఇది కూరకు పనికివచ్చునా యనియు నడిగిరి. ఆ ప్రశ్నకు బదులు రామనగరు చేపల యంగడిలో దొరకును. మొదటి ప్రశ్నకు బదులుగా నీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నిజమునకు తొట్టిలో రొయ్య బ్రదుకుట యంత వింత గాదు. వింతయెల్ల దాని మొదటి దినము గడచుటలోనే యున్నది. మేము తెచ్చిన రొయ్యలలో చచ్చినవన్నియు రాకతో నొకటి రెండు దినములలోనే చచ్చినవి. ఆ గండము దాటినవేవియు నింతవఱకు చావలేదు. కావున తొట్టి పోషణమంతయు విడిచి, ఆ మొదటి దినమును గూర్చియే ముఖ్యముగా ముచ్చటింతుము.

మా తొట్టిలోని జాతిని వ్యాపారులు క్లీనర్ రొయ్య యందురు. పొడవు సుమారు రెండంగుళములు. వీపున నిరువైపుల నెఱ్ఱని పట్టెలు, నడుమ తెల్లని చార, శరీరముకంటె పొడవైన తెల్లని మీసములు. మీసములనగానే మనవారు రొయ్యను తలచుట యూరక కాదని దీనిని చూచిన వారెల్లరు నొప్పుకొందురు. హిందూ, పసిఫిక్ మహాసముద్రముల పగడపుదిబ్బలలో నివసించుచు, దగ్గఱకు వచ్చిన చేపల యొంటిమీది పురుగులను మెల్లగా ఏఱి తినును. పెద్దచేప నోరు తెఱచి నిలువగా నీ చిన్నప్రాణి లోపలికి బోయి పండ్లు శుభ్రము చేసి వెలుపలికి వచ్చును. ఈ సంగతి వినినప్పటినుండియే మా యెనిమిదవ తరగతి బాలురు రొయ్యలు కావలెనని పట్టుబట్టిరి. తమ చిల్లర డబ్బులు కూడబెట్టి మొదటి రెండింటిని వారే కొనిరి.

ఆ రెండును నగరములోనే యొక యంగడినుండి తెచ్చితిమి. సంచిని తొట్టి నీటిపై నిరువది నిమిషములు తేలవేసి, వేడి సమానమైనదని తలచి, మూతి విప్పి లోనికి వదలితిమి. అవి యడుగున కూర్చుండి వణకెను. ఒకటి వెల్లకిల పడి కాళ్లాడించెను. మఱునాటి యుదయమున బాలురు గంటకు ముందే వచ్చి చూడగా రెండును తెల్లబాఱి యుండెను. ఆ దినమున తరగతిలో పాఠము సాగలేదని చెప్పుటకు సిగ్గుపడము. సంచిలో మిగిలిన నీటిని తరువాత కొలువగా సాంద్రత 1.020 మాత్రమే యుండెను. మా తొట్టిది 1.026. అనగా వేయి పాళ్ల నీటికి 27 పాళ్ల ఉప్పునుండి 35 పాళ్ల ఉప్పులోనికి వానిని క్షణములో త్రోసితిమి. ఉప్పు ఖర్చు తగ్గుటకును, చేపలను బట్టు కొన్ని పురుగులు పెరుగకుండుటకును అంగళ్లలో నీటిని పలుచగా నుంచుట కలదని యప్పటికి మే మెఱుగము. వేడిమిని సరిచూచి, ఉప్పును చూడనే లేదు. తప్పు మాది.

ఉప్పులో నెనిమిది పాళ్ల భేదము ప్రాణము తీయునా యని సందేహించువారు వేసవిలో మాగాయ పెట్టు విధమును తలచుకొనవలెను. మామిడిముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో మూడు దినము లుంచినచో ముక్కలు ముడుగును, జాడీనిండ ఊట దిగును. ఉప్పెక్కువగానున్న వైపునకు ముక్కలోని నీరు పొరలగుండ తరలిపోవుటయే ఇందలి రహస్యము. దీనినే శాస్త్రజ్ఞులు ద్రవాభిసరణ మందురు. ఎండుద్రాక్షను మంచినీట వేసిన నుబ్బుటయు నదియే, త్రోవ మాత్రము తిరుగుడు. రొయ్య మొప్పలు మిక్కిలి పలుచని పొరలు. వెలుపల ఉప్పు హఠాత్తుగా పెరిగిన లోపలి నీరు బయటికి లాగబడును. తగ్గిన, బయటి నీరు లోపల చొచ్చి కణములను వాచజేయును. మొప్పలలో నున్న కొన్ని కణములు లవణములను లోనికి వెలుపలికి త్రోయుచు నీ భేదమును సరిదిద్దుకొనగలవు గాని, ఆ పనికి వానికి కొన్ని గంటలు, ఒక్కొకప్పుడు దినములు పట్టును. ఏటిమొగలలో పెరుగు రొయ్యకు వానకాలమున మంచినీరు, ఎండకాలమున ఉప్పునీరు అలవాటే. నీటి ఉప్పు యేడాది పొడుగున నంతగా మాఱని పగడపుదిబ్బల రొయ్యకు ఆ సాధన తక్కువ.

ఈ విషయమును మన తెలుగుదేశమున పుస్తకము చూడకయే యెఱిగినవారు వేలకొలదిగా నున్నారు. వారు కోస్తా రొయ్యల రైతులు. రొయ్యను మనుష్యుని చేతిక్రింద గ్రుడ్లు పెట్టించి పిల్లలను పెంచవచ్చునని 1934లో జపాను దేశపు మోటోసాకు ఫుజినాగా చూపెను. ఆ విద్య క్రమముగా మన తీరమునకును వచ్చెను. నెల్లూరు, భీమవరము, కాకినాడ ప్రాంతముల చెఱువులలో మొదట టైగరు రొయ్య పెరిగెను. 1994-95 ప్రాంతమున తెల్లమచ్చ తెగులు దానిని తుడిచిపెట్టి యెన్నో కుటుంబముల నప్పులలో ముంచెను. 2009లో ప్రభుత్వానుమతిపై వనామీ వచ్చెను. దీని పుట్టినిల్లు మెక్సికోనుండి పెరూ వఱకుగల పసిఫిక్ తీరము. సముద్రపు నీటిలో పుట్టిన యీ పిల్లలను పశ్చిమగోదావరి వంటి చోట్ల వేయింటికి నాలుగైదు పాళ్లు మాత్రమే ఉప్పుగల బోరు నీటిలో గూడ పెంచుచున్నారు. వాని రక్తపు చిక్కదనము వేయింటికి సుమారు 25 పాళ్ల ఉప్పుగల నీటితో సరిపోవును. అంతకు పైనను క్రిందను గూడ తన్ను తాను నిలుపుకొనుటలో వనామీ గట్టిది. అయినను రైతు దానిని హఠాత్తుగా క్రొత్తనీట త్రోయడు.

మొదటి రొయ్యలు చచ్చినపిమ్మట మేమును హఠాత్తు పనులు మానితిమి. ఆఱు నెలలు గడచినవి. ఈమాఱు మూడు రొయ్యలు చెన్నపట్టణమునుండి రైలు పార్సెలులో వచ్చెను. దారిలో ముప్పది గంటలు పట్టెను. ఈసారి తొందర కూడదని నిశ్చయించి, సంచి విప్పి రొయ్యలను నీటితోగూడ నొక ప్లాస్టిక్ బక్కెటులో పోసి, ఆసుపత్రిలో సెలైను ఎక్కించు గొట్టమొకటి సంపాదించి, తొట్టి నీటిని చుక్కచుక్కగా వదలుచు మూడు గంటలు గూర్చుంటిమి. బాలురు గడియారము పట్టుకొని చుక్కలు లెక్కించిరి. అంతటి యోపికకు ఫలముగా రెండు రొయ్యలు మా కన్నులయెదుట బక్కెటులోనే చచ్చెను, ఒక్కటి మిగిలెను.

మొదటిసారి తొందరచే చచ్చెనని యర్థమాయెను. రెండవసారి నిదానముచే చచ్చుట మాకు దుర్గ్రాహ్యముగ నుండెను. చాలనాళ్లు విచారింపగా తెలిసిన దిది.

మూసిన సంచిలో రొయ్య ముప్పది గంటలు ఊపిరి విడుచును, మలవిసర్జనము చేయును. ఊపిరివలన బొగ్గుపులుసు వాయువు నీట చేరును; నీరు పులియును. అనగా ఆమ్లక్షారముల కొలతయైన పి.హెచ్. 8.2 నుండి 7కు, ఒకప్పు డంతకు దిగువకును పడును. విసర్జనమువలన అమోనియా చేరును. అమోనియాకు నీట రెండు రూపములు గలవు: ఒకటి యంతగా హానిచేయనిది, రెండవది మొప్పల పొరలు దాటి లోన జొరబడు కటికవిషము. ఏ రూప మెంతయుండునో నిర్ణయించునది పి.హెచ్. కొలతయే. 25 డిగ్రీల వేడిమిలో, పి.హెచ్. 7 వద్ద విషరూపము నూటికొక పాలైనను ఉండదు, 8.2 వద్ద నూటికి ఆఱేడు పాళ్లగును. అనగా నీరు మురికియైన కొలది పులియుటయే, మూసిన సంచిలో రొయ్యకు కవచమై నిలిచెను. మేము సంచి విప్పగానే బొగ్గుపులుసు వాయువు సోడాసీసాలోనుండి పోయినట్లు లేచిపోయెను. ఆపైన క్షారమైన తొట్టి నీటిని చుక్కచుక్కగా చేర్చితిమి. పి.హెచ్. పైకెక్కెను. అప్పటివఱకు నిద్రించుచున్న అమోనియా యంతయు విషమై మేల్కొనెను. ఆ విషములో రొయ్యలను మూడు గంటలు నానబెట్టి, చుక్కలు లెక్కించుచు గూర్చుంటిమి.

ఈ రెండు సంకటములకును నడుమ దారి యెట్లని యాలోచించుచుండగా, మా విద్యార్థి యొకని మేనమామ, భీమవరము చెంత చెఱువులు చేయువాడు, పాఠశాలకు వచ్చెను. మా కథయంతయు విని యాయన యన్న మాట యిది: "మాస్టారూ, సీడు తెచ్చుకునే ముందే మా చెఱువులో ఉప్పెంత ఉందో హేచరీవాళ్లకు చెబుతామండీ. వాళ్లు అక్కడే కొద్దికొద్దిగా అంతకు దించి పంపుతారు. దారి బడలికతో వచ్చిన పిల్లను గట్టుమీద పెట్టుకొని అప్పుడు నేర్పుతామా అండీ?"

పిల్లలు పయనమగుటకు ముందే, పుట్టినచోటనే, కొన్ని దినములపాటు నీటి ఉప్పును తగ్గించి చెఱువునకు సరిజేయుదురు. మొప్పలు పూర్తిగా నేర్పడని లేతపిల్ల నింకను పలుచని నీటికి పంపరు. తరువాత సంచిలో మూడవవంతు నీరును, మిగిలినది ప్రాణవాయువును నింపి, నీటిని చల్లబఱచి, వ్యానులలో రాత్రివేళ తెత్తురు. చల్లదనమున పిల్ల మందగించి తక్కువ ఊపిరి పీల్చును, తక్కువ విసర్జించును. గట్టు చేరినపిమ్మట సంచులను చెఱువు నీటిపై కొంతసేపు తేలవేసి, వేడిమి కలిసినంతనే వదలుదురు. మిగిలిన కొద్ది భేదమును చెఱువే సరిజేయును. రైతు పద్ధతి కెదురుగా, చేయవలసిన పనియంతయు చేయగూడని చోట మేము చేసియుంటిమి.

మాకు పంపు వ్యాపారి రొయ్యను మా తొట్టికి తగినట్లు మార్చి పంపునా? పంపడు. కాని మా నీటిని రొయ్యకు తగినట్లు మార్చుట మా చేతిలోనే యున్నది. మూడవసారి పార్సెలు వచ్చుటకు వారము ముందే వ్యాపారికి ఫోను చేసి సాంద్రత యడిగితిమి. 1.021 అనెను, అనగా వేయింటికి 28 పాళ్లు. నలువది లీటర్ల ప్లాస్టిక్ తొట్టె నొకదానిని అదే సాంద్రతకు సిద్ధముచేసి, పెద్దతొట్టిలో కొన్ని నెలలు పనిచేసిన స్పాంజి వడపోత నందు పెట్టితిమి. స్పాంజినిండ అమోనియాను తిను సూక్ష్మజీవు లుండును గనుక, క్రొత్త తొట్టె యైనను పాతదాని వలెనే పనిచేయును. ఈ జీవులు చాలినంత పెరుగుటకు సామాన్యముగా నాలుగు నుండి ఆఱు వారములు పట్టును. అవిలేని క్రొత్తతొట్టిలో నే ఉపాయముచేతను రొయ్య నిలువదు.

పార్సెలు వచ్చెను. సంచిని మూతి విప్పకయే నీటిపై ఇరువది నిమిషములు తేలవేసితిమి. విప్పినపిమ్మట మొదట హైడ్రామీటరు ముంచితిమి: 1.021, వ్యాపారి మాట నిజమే. వెంటనే, ఐదు నిమిషములైన గడువకుండ, రొయ్యలను చిన్న గిన్నెతో నెత్తి తొట్టెలోనికి వదలి, సంచి నీటిని పారబోసితిమి. వలతో నెత్తరాదు, కాళ్లును మీసములును దారములలో చిక్కి విఱుగును. సంచి నీటిని తొట్టిలో నెన్నడును కలుపరాదు. పి.హెచ్. మార్పు మాటయేమని మీ రడుగవచ్చును. ఆ మార్పు రొయ్యకు సుఖము గాదు. కాని తెఱచిన సంచిలోని అమోనియాకంటె నది యెంతయో మేలని మా నిర్ణయము.

తరువాతి పని గణితము. 40 లీటర్ల నీటిలో ఉప్పును వేయింటికి రెండు పాళ్లు పెంచుటకు సుమారు 80 గ్రాముల ఉప్పు కావలెను. ప్రతి యుదయమున నైదు లీటర్ల నీటిని వెలికి తీసి, అందు 80 గ్రాములు కరగించి, గాలి యూది, మెల్లగా దినమంతయు మరల చేర్చితిమి. నాలుగవ నాటికి 35 పాళ్లాయెను. రొయ్య తన బలమున తాను సరిదిద్దుకొనుటకు ప్రతిరోజు కొంత వ్యవధి దొరకెను. అయిదవనాడు పెద్దతొట్టిలోనికి మార్చితిమి. ఉప్పును వేడియు నొక్కటియే కనుక నిమిషములో పని ముగిసెను. రెండు వచ్చెను, రెండును నున్నవి. మునుపు మిగిలిన దానితో మూడు.

అట్లని చుక్కల పద్ధతి పనికిరాదని చదువరు లనుకొనరాదు. చిక్కడపల్లినుండియో నారాయణగూడనుండియో అరగంటలో తెచ్చిన రొయ్య సంచిలో అమోనియా చేరుటకు వ్యవధియే లేదు. అచట భయము ఉప్పు భేదముననే. అప్పుడు రెండు మూడు గంటలు చుక్కచుక్కగా నీరు చేర్చుటయే యుక్తము. సెకండుకు రెండు మూడు చుక్కలు చాలును, సంచి నీరు మూడింతలగువఱకు సాగింపవలెను. మా మొదటి రెండు రొయ్యలు అట్లు చేసిన బ్రదికి యుండును. దూరపు రొయ్యకు మాత్ర మాపని బక్కెటులో జరుగరాదు. రెండుచోట్లను మొదట చేయవలసినది కొలుచుట. హైడ్రామీటరు ముల్లుకు గాలిబుడగ లంటిన తప్పు చూపును. తట్టి, మరల చూడవలెను.

నీటిని గూర్చి కొంత. మన యింటి కొళాయిలో వచ్చు మంజీరా, కృష్ణా, గోదావరీ జలములలో క్లోరిను కలిపియుండును. అది మనకు రక్ష, మొప్పలకు మంట. మేము ఆర్.ఓ. యంత్రపు నీటినే వాడుచున్నాము. అందు వంటయింటి ఉప్పు కలుపరాదు. సముద్రపు లవణములలో మనము తిను ఉప్పు నూటికి సుమారు 78 పాళ్లు మాత్రమే. తక్కినవి మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగువాని లవణములు. బోరు నీట వనామీ పెంచు రైతులు చెఱువులో పొటాషు చల్లుట ఈ లోటు తీర్చుటకే. సముద్రమునకు దూరముగ నున్న వారి యీ చిక్కు క్రొత్తది గాదు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై తొలి గాజుతొట్లశాల తెఱువబడెను. దానికి తోడ్పడిన ఫిలిప్ హెన్రీ గాస్ సముద్రతీరమునుండి నీరు మోయించు శ్రమ పడలేక, తానే లవణములు తూచి కలిపి కృత్రిమ సముద్రజలమును చేసెను. ఆయన గొప్ప ప్రకృతిశాస్త్రజ్ఞుడే గాక దృఢభక్తుడును. ఆదివారమున దేవుని వాక్యము బోధించి, సోమవారమున పీతలను పరిశీలించెడివాడు. నేడు తగిన లవణములన్నియు కలిపి పొట్లములలో అమ్ముచున్నారు. ఉప్పు కలిపిన నీటిని ఒకదినము గాలి యూదుచు నుంచిన గాని వాడరాదు.

మన యిండ్లలో నొక ప్రమాద మున్నది. నీరనగానే రాగిచెంబు, ఇత్తడిబిందె చేతికి వచ్చును. వానిలో ఉప్పునీరు పోసి యుంచిన రాగి కరగి నీట దిగును. అణువంత రాగి చాలును రొయ్యకు మృత్యువగుటకు. వింత యేమన, రొయ్య రక్తమున ప్రాణవాయువును మోయు పదార్థములో నుండునదియు రాగియే, అందుచే దాని రక్తమునకు నీలివన్నె. లోపల ప్రాణాధారమైనది వెలుపల విషము. చేపల తెగుళ్లకు వాడు మైలుతుత్తము గూడ రాగి మందే. రొయ్యలున్న తొట్టిలో దాని నొక చుక్కయు వేయరాదు.

క్రొత్త రొయ్య వచ్చిన దినమున దీపము లార్పి, మేత పెట్టక, గాజుపై వ్రేళ్లతో కొట్టక విడిచిపెట్టవలెను. ఈ చివరి నియమము ఆఱవ తరగతివారిచే పాటింపజేయుట మాకు మిక్కిలి కష్టమాయెను. రెండు మూడు దినములలో రాతిచెంత తెల్లని రొయ్య యొకటి కదలక పడియుండుట చూచి యేడ్వరాదు. అది కుబుసము. రొయ్య పెరుగునప్పుడెల్ల పాత పెంకును మీసములతో సహా విడిచి, మెత్తని యొంటితో ఒకటి రెండు దినములు రాళ్లసందున దాగును. గత సెప్టెంబరులో నొక బాలిక కుబుసమును కాగితమున చుట్టి పూడ్చిపెట్టుటకు తోటలోనికి గొనిపోయెను. తిరిగి వచ్చుసరికి రొయ్య రాయిచాటున మీసము లాడించుచుండెను.

అంబరుపేటలో మే నెల మధ్యాహ్నములు నలువది డిగ్రీలు దాటును. డిసెంబరు తెల్లవారుజామున పదుమూడు, పదునాల్గు వఱకు దిగును. తొట్టి వేడిమి మాత్రము ఏడాది పొడుగున 25 డిగ్రీల చెంతనే యుండవలెను. చలికి హీటరు గలదు. ఎండకు నీటిమీద చిన్న ఫంకా త్రిప్పుచున్నాము. దానివలన నీరు ఆవిరియై ఉప్పు చిక్కనగును, కావున దినదినము మంచినీరు చేర్చవలెను, ఉప్పునీరు గాదు. సెలవులలో నీ పని యెవరిదను వాదము కొన్నాళ్లు జరిగెను. క్రిస్మసు సెలవులకు వంతుల పట్టిక గదితలుపు మీద నంటించియున్నాము. డిసెంబరు 28వ తేదీ వంతు ఇంకను ఖాళీగా నున్నది; ఆ దినమున రాగల విద్యార్థులు తమ పేరు వ్రాయవలెను.